ఊపిరి ఆగే చోటు

పోయిన వారం హెప్సిని మనం బస్సులో వదిలేసి వచ్చాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో అన్నం డబ్బా, ముఖాన నెత్తురు చుక్క లేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయిందన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. హెప్సి బాపట్ల అవతల సముద్రపు పల్లె పిల్ల. న్యూకాసిల్ దాటాక ఒడ్డున ఉన్న ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తోంది. ఆమె చూసుకునే వాళ్ళలో పీటర్ అనే ఇటలీ ముసలాయన ఒకడు. పక్షవాతంతో మాట పడిపోయింది. ఆయనకు స్నానం చేయించేటప్పుడు హెప్సి తన నాయనమ్మ దీనమ్మ కట్టిన పాటను కూనిరాగం తీస్తుంది. ఆ పాట ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. వాళ్ళ పల్లె దాటి బయటికి పోలేదు. అలాంటిది ఆ రోజు బస్సులో అదే పాట ఇటలీ భాషలో వినిపించింది. పాడినవాడు టుల్లియో సెరానీ. ముప్పయ్యేళ్ళ కిందట సముద్రంలో పోయాడని లోకమంతా నమ్మిన రాక్ గాయకుడు.

రాగం మాత్రమే కలిసి ఉంటే హెప్సి అంతగా బెదిరేది కాదు. లోకంలో ఇన్ని పాటలున్నాయి, ఎక్కడో ఒకచోట రెండు రాగాలు భుజాలు రాసుకుంటాయి. ఆమెను బెదరగొట్టింది ఆ పాట మధ్యలో ఉన్న ఖాళీ.

దీనమ్మకు ఉబ్బసం. బైబిలు సంచి చంకన వేసుకుని పల్లెపల్లెకూ తిరిగి వాక్యం చెప్పే మనిషి, ఏ పాటనూ ఒక్క ఊపిరిలో పాడలేకపోయేది. ‘నీటి మీద నడిచినోడా, నా గూటి...’ అని అక్కడ ఆగేది. గుండె మీద చెయ్యి వేసుకుని, గాలి అందాక, ‘...దాకా రావా’ అని పూర్తిచేసేది. ఆమె దగ్గర పాట నేర్చుకున్న పిల్లలు ఆ ఆగడం కూడా పాటలో ఉన్నదే అనుకున్నారు. వాళ్ళు పెద్దవాళ్ళై తమ పిల్లలకు అలాగే నేర్పారు. దీనమ్మ పోయి ఏళ్ళు గడిచినా ఆ రేకుల చర్చిలో జనమంతా, ఏ జబ్బూ లేని కుర్రాళ్ళతో సహా, సరిగ్గా అక్కడే ఆగుతారు. ఆగి, ఒక్కసారిగా గాలి పీలుస్తారు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒకటి రెండు ఆదివారాలు సరిదిద్దబోయి, ఆ తర్వాత ఆయనా అక్కడే ఆగడం మొదలుపెట్టారు.

టుల్లియో సెరానీ కూడా అక్కడే ఆగాడు. గిటారు కూడా ఆగింది. ఆ ఖాళీలో ఎవరో గాలి పీల్చుకున్నట్టు అనిపించి హెప్సి ఇయర్‌ఫోన్లు పీకేసింది.

ఫ్లాట్‌లో తనతో ఉండే జెస్లిన్‌కు చెబితే ఆమె తేలిగ్గా తీసిపారేసింది. చచ్చిపోయినవాళ్ళ గొంతులన్నీ ఇప్పుడు కంప్యూటర్లే పాడుతున్నాయని, ఎవడో నీ కూనిరాగం రికార్డు చేసి దానికి ఆయన గొంతు తగిలించి ఉంటాడని చెప్పింది. ధైర్యం చెప్పడానికే అన్నది గానీ, ఆ మాటతో హెప్సికి నిద్ర పట్టలేదు. కేర్ హోమ్ గదుల్లోంచి ఫొటో గానీ గొంతు గానీ బయటికి పోతే మొదట పోయేది అక్కడ పనిచేసేవాళ్ళ ఉద్యోగం. ఉద్యోగం పోతే స్పాన్సర్‌షిప్ పోతుంది, దాని వెనకే వీసా. పీటర్ గదిలోకి పనివాళ్ళు కాక వచ్చే మనిషి ఒక్కతే. ప్రతి గురువారం మధ్యాహ్నం ఐస్‌క్రీమ్ డబ్బాతో వచ్చే బియాంకా.

ఈ రోజు గురువారం.

* * *

పొద్దున తెరిపిగానే ఉంది. మధ్యాహ్నం భోజనాలు అయ్యేసరికి సముద్రం మీది నుంచి మంచు వచ్చేసింది. ఆ ఊరివాళ్ళు దాన్ని ‘ఫ్రెట్’ అంటారు. ముందు లైట్‌హౌస్ కనిపించకుండా పోయింది, తర్వాత రోడ్డు, ఆ తర్వాత కార్ పార్కు. కిటికీలన్నీ తెల్ల కాగితం అంటించినట్టు అయిపోయాయి. పైకప్పు మీద సముద్రపు పక్షులు నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది, ఎవరో చెప్పులు లేకుండా తిరుగుతున్నట్టు.

కిచెన్ పక్క గదిలో కృపామణి ఆంటీ టీ కప్పులు సర్దుతోంది. తణుకు వైపు మనిషి. ఈ హోమ్‌లో అందరికంటే పాత. హెప్సి ముఖం చూసి, మీ ముసలాయన మీద బెంగ పెట్టుకున్నావా ఏమిటని వేళాకోళమాడింది.

“అది కాదు ఆంటీ. ఆయన గదిలోకి బియాంకా కాకుండా ఇంకెవరైనా వస్తున్నారా?”

“ఎవరొస్తారే, దెయ్యాలు తప్ప.” కృపామణి ఆంటీ నవ్వింది. నవ్వి, ఆగి, గొంతు తగ్గించింది. “నాకొకటి అర్థం కాదు. డ్యూటీ రోటాలో అందర్నీ ఒక గదిలోంచి ఇంకో గదికి మారుస్తారు గదా. నిన్ను మాత్రం ఆ గది నుంచి కదపరు. మేనేజర్ని అడిగితే, ఫ్యామిలీ కోరిక అంది. ఆయనకి ఫ్యామిలీ ఎక్కడుంది?”

హెప్సి ఒక కప్పు అందుకుని ట్రేలో పెట్టింది.

“ఇంకోటి. నువ్వు తెలుగులో ఏదో వాగుతుంటావు గదా ఆయన దగ్గర. ఆయన చూసే చూపు గమనించావా? సినిమా చూస్తున్నట్టు చూస్తాడే నీ మొహంలోకి.”

అది నిజమే. హెప్సి ఆయనతో తెలుగులోనే మాట్లాడేది. మాట్లాడేది అనడం కంటే కడుపులోది దింపుకునేది అనాలి. గడ్డం గీస్తూ, గోళ్ళు తీస్తూ, దుప్పటి మారుస్తూ, ఎవరికీ చెప్పుకోలేనివన్నీ ఆయనకే చెప్పుకుంది. నాటింగ్‌హామ్‌లో చదువుకుంటున్న క్రిస్టఫర్ పెళ్ళి మాట ఎత్తాడనీ, తనకు ఇష్టమో భయమో తెలియడం లేదనీ. అమ్మకు ఆపరేషన్ అయిందని ఊళ్ళోవాళ్ళంతా తన దగ్గర దాచారనీ. దీనమ్మ పోయినప్పుడు తను హాస్టల్లో ఉండి చివరి చూపుకు అందలేదనీ. గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకుంది. గోడ వింటుందని ఎవరైనా అనుకుంటారా?

* * *

టుల్లియో సెరానీ గురించి ఈ నాలుగు రోజుల్లో హెప్సి ఫోనులో దొరికిందల్లా చదివింది. ఇటలీ తూర్పు తీరంలో ఒక చిన్న రేవు. తండ్రి చేపల పడవ మీద పనివాడు. పిల్లవాడు పడవల ఇంజిన్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తూ, మధ్యాహ్నపు తీరికలో నూనె చేతులతోనే గిటారు నేర్చుకున్నాడు. గొంతు బొంగురు. మొదట ఎవరూ పాడనివ్వలేదు. తర్వాత ఆ బొంగురుకే దేశం పడిపోయింది. ఫుట్‌బాల్ మైదానాలు నిండేవి. టాక్సీ నడిపేవాళ్ళు, చాకిరీ చేసే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు అతని పాటల్లో తమ ఇంటి సంగతులే ఉన్నాయనుకునేవారు. ప్రసూతి వార్డుల్లో ఒక ఏడాదంతా మగపిల్లలకు అతని పేరే పెట్టారట. అంత పేరులో ఉన్నవాడు ఒక రోజు చిన్న పడవలో సముద్రం మీదికి వెళ్ళాడు. పడవ ఒక్కటే తిరిగి దొరికింది. ఇప్పటికీ ఏటా ఆ రోజున జనం ఒడ్డున దీపాలు పెట్టి, తెల్లవార్లూ అతని పాటలు పాడతారు. అతను పోయాక పుట్టినవాళ్ళు కూడా వస్తారు.

ఫొటోల్లో అతని ముఖాన్ని పెద్దది చేసి చూసింది హెప్సి. పీటర్ ముఖం అందులో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. గడ్డం, వయసు, జబ్బు కలిసి మనిషిని ఎంత మార్చగలవో ఆమె రోజూ చూసేదే. అందుకే ఆ పోలికను నమ్మలేకపోయింది.

* * *

బియాంకా మంచులోంచి పసుపు రెయిన్‌కోటుతో వచ్చింది. అరవై దాటిన మనిషి, కత్తిరించుకున్న తెల్లజుట్టు. పుట్టింది పెరిగింది ఈ ఊళ్ళోనే. సముద్రం ఎదుట వాళ్ళ నాన్న ఐస్‌క్రీమ్ దుకాణం ఒకప్పుడు ఊరికంతటికీ తెలుసట. మాట పక్కా ఈ ఊరి యాస. హెప్సిని, దుకాణంలో పిల్లల్ని పిలిచినట్టే, ‘పెట్’ అని ముద్దుగా పిలుస్తుంది.

పీటర్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. బయట చూడడానికేమీ లేకపోయినా బయటికే చూస్తున్నాడు. బియాంకా చెమ్చాతో నిమ్మకాయ ఐస్‌క్రీమ్ ఆయన పెదాలకు అందించింది. హెప్సి తలుపు మూసింది. మనుషులుండగా గది తలుపు పూర్తిగా మూయకూడదని అక్కడి పద్ధతి.

“ఈ గదిలో మీరు నన్ను రికార్డు చేశారా?” అని ఇంగ్లీషులో అడిగింది. ఇంటి నుంచి వస్తూ ఎన్నోసార్లు అనుకున్న మాటే అయినా, బయటికి వచ్చేసరికి సన్నగా వచ్చింది.

బియాంకా చెమ్చా పక్కన పెట్టింది. ఆశ్చర్యపోలేదు. “పాట విన్నావన్నమాట.”

“అది మా నాయనమ్మ పాట. ఈ దేశంలో ఆయనకు స్నానం చేయించేటప్పుడు తప్ప నేనెక్కడా పాడలేదు. మీరు దాన్ని బయటికి పంపారు. ఇది తెలిస్తే నన్ను తిరిగి ఇండియా పంపించేస్తారు. నేను మీకేం చేశాను?”

“కూర్చో, పెట్.”

“నేను నిలబడే వింటాను.”

“నిన్ను నేనెప్పుడూ రికార్డు చేయలేదు. ఆ పాట నువ్వు పుట్టకముందుది.” బియాంకా సంచిలోంచి పాతకాలపు టేప్ రికార్డర్ తీసి మంచం మీద పెట్టింది. చిన్నది, అంచుల్లో తుప్పు. లోపల క్యాసెట్ ఉంది. “ఈయన మా దగ్గరికి వచ్చిన రోజున ఈయన చేతిలో ఉన్నది ఇదొక్కటే.”

హెప్సి కూర్చుంది.

బియాంకా చెప్పడం మొదలుపెట్టింది. సీజన్ లేక దుకాణం మూసి ఉన్న రోజుల్లో, ఇలాంటి మంచులోనే, ఒక గడ్డపు మనిషి వచ్చి అద్దం మీద తట్టాడట. ఎండకు కాలి తోలులా అయిన ముఖం. వాళ్ళ నాన్నదీ టుల్లియో పుట్టిన రేవే. తలుపు తీసి, చూసి, టుల్లియో అన్నాడట. వచ్చినవాడు అవుననలేదు, కాదనలేదు. ఏడ్చాడు. వాళ్ళ నాన్న అప్పటినుంచీ ఇంకేమీ అడగలేదు. పీటర్ అని పేరు పెట్టి, దూరపు చుట్టమని చెప్పి, దుకాణంలో పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి ఈయన జనానికి ఐస్‌క్రీమ్ తీసి ఇచ్చాడు. ఇటలీ నుంచి వచ్చిన యాత్రికులు టుల్లియో బొమ్మ ఉన్న బనియన్లు వేసుకుని, ఈయన చేతిలోంచే కోన్ అందుకుని, చూడకుండా వెళ్ళిపోయేవారు. రేడియోలో టుల్లియో పాట వస్తే మాత్రం ఈయన వెనక ఐస్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. పాట అయ్యాక వేళ్ళు నీలంగా చేసుకుని వచ్చేవాడు.

“అది తన పాట వినలేక అనుకున్నాం,” అంది బియాంకా. “నాన్న పోయేముందు నాకింకో సంగతి చెప్పాడు. అప్పటినుంచీ ఈయన ఎవరో నాకు తెలియడం లేదు.”

టుల్లియోకు చిన్నప్పటి స్నేహితుడు ఒకడుండేవాడు, పియెరో. షెడ్డులో ఇద్దరూ కలిసి పనిచేశారు. టుల్లియో పేరు పెరిగాక గిటార్లు మోయడం, తీగలు సవరించడం, మైకుల ముందు నిలబడి గొంతు సరిచూడడం పియెరో పని. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. కచేరీ అయ్యాక పియెరో టుల్లియో కోటు వేసుకుని ముందు గుమ్మంలోంచి పరుగెత్తేవాడు. జనమంతా అతని వెంట పడి, కోటు పీకి, జుట్టు పీకి, మీద పడి ఏడ్చేవారు. ఆ సందులో టుల్లియో వెనక నుంచి ఇంటికి పోయేవాడు. పడవ ఖాళీగా దొరికిన రోజు నుంచే పియెరో కూడా కనిపించలేదు. అతన్ని ఎవరూ వెతకలేదు. ఏటా పెట్టే అన్ని దీపాల్లో అతని పేరున ఒక్కటీ లేదు.

హెప్సి ముసలాయన వైపు చూసింది. ఐస్‌క్రీమ్ కరిగి ఆయన గడ్డం మీదికి జారుతోంది. అలవాటుగా లేచి తుడిచింది. ఆయన కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

“టుల్లియో అక్క ఇంకా బతికే ఉంది,” అంది బియాంకా. “ఆమెకు చెప్పాను. నేను ఊ అంటే చాలు, వచ్చి తీసుకుపోతుంది. తమ్ముడు సొంత మంచం మీద పోవాలని ఆమె కోరిక. ఈయనకు ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పారు, నీకూ తెలుసు. ఆ ముసలామె చేతుల్లో నేను ఎవరిని పెడుతున్నానో నాకు తెలియాలి, పెట్. పెట్టకూడని మనిషిని పెడితే?”

“అది నాకెలా తెలుస్తుంది?”

“టేపు చివర ఒకామె మాట్లాడుతుంది. అది ఏ భాషో కూడా నాకు తెలియలేదు. యూనివర్సిటీ పిల్లల్ని అడిగితే హిందీ కాదన్నారు. ఫోనుకు వినిపిస్తే సముద్రపు హోరు తప్ప ఏమీ పట్టుకోలేదు. ఒక రోజు ఐస్‌క్రీమ్ తెచ్చి ఆ తలుపు అవతల నిలబడ్డాను. లోపల నువ్వు పాడుతున్నావు. నువ్వూ అక్కడే ఆగావు.” బియాంకా తన ముంజేతులు రుద్దుకుంది. “ఈ గదికి నిన్నే ఉంచమని అడిగింది నేనే. కానీ నోరు తెరిచి నిన్ను అడగడానికి ధైర్యం చాలలేదు. చివరి మాటలు కోసేసి, పాట ఒక్కటీ బయటికి వదిలాను. ఎక్కడో ఒకచోట వింటావని. విని నువ్వే వచ్చి అడుగుతావని.”

లోకం మొత్తం టుల్లియో కొత్త పాట వచ్చిందని ఏడుస్తోంది. అది వచ్చింది ఈ మంచులో, ఈ గదిలో కూర్చున్న తనొక్కదాని కోసమని హెప్సికి అప్పుడు అర్థమైంది. వెన్ను మీద ఎవరో తడి చెయ్యి వేసినట్టయింది.

బియాంకా మీట నొక్కింది.

ముందు సముద్రం. ఇక్కడి సముద్రం కాదని హెప్సికి వినగానే తెలిసింది. ఆ అల విరిగే తీరు, విరిగాక ఇసుక మీద అంతసేపు జారడం, అది తన ఊరి సముద్రం. లోకమంతా పోయాడనుకున్న టుల్లియో అక్కడ బతికే ఉన్నాడన్నమాట. తర్వాత గిటారు. తర్వాత ఆ బొంగురు గొంతు, ఫోనులో విన్నదానికంటే దగ్గరగా, పక్కన కూర్చుని పాడుతున్నట్టు. రెండో పాదం వచ్చింది. ఆగింది.

ఆ ఖాళీలో ఒక ఊపిరి వినిపించింది. సన్నగా ఈల వేస్తూ, ఛాతీలో ఎక్కడో గీరుకుంటూ లోపలికి పోయే గాలి. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూనే హెప్సి నిద్రపోయేది. అది ఆగిపోతుందేమోనని లేచి కూర్చుని చూసేది. కడపటిసారి ఆగినప్పుడు తను అక్కడ లేదు.

టేపులో దీనమ్మ ఊపిరి తీసుకుంది. సరిగ్గా అప్పుడే, కిటికీ దగ్గర కుర్చీలో, ముసలాయన కూడా తీసుకున్నాడు.

హెప్సి తల తిప్పి చూసింది. ఆయన ఇప్పుడు కిటికీ వైపు చూడడం లేదు.

పాట అయిపోయింది. అలలు కాసేపు. దూరంగా ఎవరో మగమనిషి ఇటలీ భాషలో కేక వేసి పిలిచాడు. ఆ తర్వాత మైకుకు దగ్గరగా, గొంతు తగ్గించి, దీనమ్మ మాట్లాడింది. చచ్చిపోయిన మనిషి మాట అంత మామూలుగా, అంత ఇంటి మాటలా ఉంటుందని హెప్సి ఎప్పుడూ అనుకోలేదు.

‘పాడింది చాల్లే నాయనా. అదిగో, నీ జతగాడు పడవ కాడ నిలబడి పిలుస్తన్నాడు. వాడి చూపు నాకు నచ్చలా. నీ కోటు వాడి ఒంటి మీద ఎందుకుంది? వాడితో నీళ్ళల్లోకి మాత్రం పోమాక.’

టేపు గరగరలాడి ఆగింది.

పైకప్పు మీద పక్షులు కూడా నడవడం మానేశాయి. బియాంకా రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని ముందుకు వంగింది.

“ఏమంది?” అని అడిగింది. “నీకు అర్థమైంది. నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆమె ఏమంది, హెప్సి?”

ఇన్నాళ్ళలో ఆమె హెప్సిని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. హెప్సి నోరు తెరిచింది. ఈ ముఖాన్ని తను రోజూ కడిగింది, ఈ చేతులకు నూనె రాసింది. పడవ కాడ కోటు వేసుకుని నిలబడ్డది ఈ మనిషేనా? లేక ఆ నీళ్ళల్లోంచి ఎలాగో బయటపడి వచ్చినవాడా? నాయనమ్మ మాటలను ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో పెడితే చాలు, ఒక ముసలామె ఇటలీ నుంచి బయలుదేరుతుందో, ఇన్నేళ్ళూ అన్నం పెట్టి సాకిన మనిషిని బియాంకా ఇక ముట్టుకోనే ముట్టుకోదో, అది తేలిపోతుంది.

“ఆమె...” అని మొదలుపెట్టింది.

అప్పుడు కుర్చీలోంచి పాట వచ్చింది.

మాట పోయినవాళ్ళు ఒక్కోసారి పాడగలుగుతారని, ఆయన్ని చూడవచ్చిన స్పీచ్ థెరపిస్టు ఎప్పుడో చెప్పింది. హెప్సి అప్పుడది పట్టించుకోలేదు. బొంగురు గొంతు. తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టు. రాగం దీనమ్మది. మాటలు ఇటలీవి కావు, ఇంగ్లీషువీ కావు.

“దీనమ్మ మనవరాలా, ఆ మాట...”

అక్కడ ఆగాడు. అక్కడే ఆగాలి గనక ఆగాడు. ఆ ఖాళీలో హెప్సికి గడ్డం గీస్తూ చెప్పుకున్నవన్నీ గుర్తొచ్చాయి, క్రిస్టఫరు, అమ్మ ఆపరేషను, చివరి చూపుకు అందని దీనమ్మ, తన పల్లె పేరు, ఇంటిపేరు, ఒక్కొక్కటీ. అన్నీ ఆయనకు అర్థమవుతూనే ఉన్నాయి. ఆయన కళ్ళు ఆమె కళ్ళల్లోనే ఉన్నాయి. ఛాతీ పైకి లేచింది. సన్నగా ఈల వేస్తూ గాలి లోపలికి వెళ్ళింది.

“...చెప్పమాక.”